విగ్నర్ స్నేహితురాలు బోనెక్కితే

మా ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపులో మా మరిది ఒక వీడియో పెట్టినాడు. "అసలు వాస్తవమే లేదు, శాస్త్రవేత్తలు నిరూపించేశారు" అని పసుపు అక్షరాలు, వెనకాల ఉరుముల శబ్దం. దాని కింద మా పెద్దాడబిడ్డ "మన పెద్దలు ఎప్పుడో చెప్పినారు, అంతా మాయ" అని రాసి వరసగా దండాల బొమ్మలు పెట్టింది. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే మావోడు మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టినాడు: "అమ్మా, నువ్వు బీఎస్సీ ఫిజిక్స్ కదా. పొద్దస్తమానం సాక్షుల మాటలు టైపు చేస్తాంటావు కూడా. ఇది నిజమేనా?"

వాడు చెప్పిన రెండో అర్హతే నాకు నచ్చింది. బీఎస్సీలో నేర్చుకున్న ఫిజిక్స్‌లో సగం తుంగభద్రలో కలిసిపోయింది. సాక్షుల సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. నేను కర్నూలు కోర్టులో స్టెనోని. చీఫ్ (సాక్షిని పిలిచినవాళ్ల వకీలు అడిగేది), క్రాస్ (ఎదుటి వకీలు అడిగేది), రీ ఎగ్జామినేషన్ (క్రాస్ తరవాత మళ్లీ మొదటి వకీలు అడిగేది) అన్నీ నా వేళ్ల మీదుగా పోయేవే. క్రాస్ చివర్లో ఎదుటి వకీలు ఒక సజెషన్ వేస్తాడు, అంటే నువ్వు చెప్పేది అబద్ధం అంటాడు, దానికి సాక్షి చెప్పే జవాబు నేను నిద్రలో కూడా కొట్టగలను: "నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నానంటే వాస్తవం కాదు."

డోన్ పక్క జరిగిన ఒక యాక్సిడెంట్ కేసు అనుకుందాం. బైకు వాడి తరఫు సాక్షి లారీ రాంగ్ సైడులో వచ్చిందంటాడు. లారీ వాళ్ల సాక్షి బైకే అడ్డమొచ్చిందంటాడు. ఇద్దరూ దేవుని ఎదుట ప్రమాణం చేసినోళ్లే. అయినా జడ్జిగారు గానీ, వకీళ్లు గానీ, బయట కేక పెట్టి సాక్షిని పిలిచే అటెండర్ గానీ ఒక్క విషయం అనుమానించరు. ఆరోజు ఆ రోడ్డు మీద జరిగింది ఒక్కటే. ఇద్దరిలో ఒకరు సరిగ్గా చూడలేదు, లేదంటే కావాలని అబద్ధం చెప్తున్నారు, లేదంటే ఇద్దరూ అంతే. ఇద్దరూ సరిగ్గానే చూసి, ఇద్దరూ నిజమే చెప్పి, అయినా ఆ రెండు వాంగ్మూలాలూ ఒకే ఘటనలో ఇమడకపోవడం మా కోర్టులో జరిగే పని కాదు.

అతిచిన్న కణాల లెక్క చెప్పే క్వాంటం ఫిజిక్స్ వాళ్ల గొడవ సరిగ్గా అదే. వీడియో చెప్పినట్టు వాస్తవమే లేదని ఎవరూ నిరూపించలేదు. అట్లని ఇది కొట్టిపారేసే విషయమూ కాదు.

కథ యూజీన్ విగ్నర్‌ది. హంగరీలో పుట్టి అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో స్థిరపడినాడు, 1963లో నోబెల్ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1961లో, ఒక వ్యాసంలో ఈ చిక్కు పెట్టినాడు. గాలి, వెలుతురు, చప్పుడు ఏదీ బయటికి పోని గది. లోపల ఆయన స్నేహితుడు. నేను స్నేహితురాలు అంటాను, మా కోర్టులో బోనెక్కే ఆడోళ్లను తలుచుకుంటే నాకు అట్లే సులువు. ఆమె ఒక కణాన్ని కొలుస్తుంది. జవాబు పైకి, లేదా కిందకి, రెండే. ఆమె చూసింది, "పైకి" అని నోట్ చేసుకుంది. ఆమె వరకు సంగతి తేలిపోయింది.

విగ్నర్ గది బయట నిలబడినాడు. ఆయన చేతిలో ఉండేది క్వాంటం సమీకరణం. ష్రోడింగర్ రాసిన ఆ సమీకరణం గదిలో మనిషి ఉందా, మిషనే ఉందా అని అడగదు. కణం, పరికరం, ఆమె కళ్లు, ఆమె మెదడు, ఆమె నోటు పుస్తకం, అన్నింటినీ కలిపి ఒకే వ్యవస్థగా లెక్క కడితే వచ్చే జవాబు ఇది: "కణం పైకి, ఆమె పైకి చూసింది" అనేదీ, "కణం కిందకి, ఆమె కిందకి చూసింది" అనేదీ, రెండూ కలిసిన స్థితి. ఏదీ తేలలేదు.

ఇక్కడే చానామంది జారిపడతారు. మావోడూ పడినాడు. "అమ్మా, దాంట్లో ఏముంది? లోపల తేలిపోయింది, బయటాయనకు ఇంకా తెలీదు. తీర్పు కవరు తెరవకముందు పార్టీలకు తెలీనట్టు."

కాదు నాయనా. అంతే అయితే ఎవరూ దీని మీద ఒక్క పేజీ కూడా రాసేవాళ్లు కాదు. తెలియకపోవడానికీ, కలిసిన స్థితికీ తేడా కొలవచ్చు. విగ్నర్‌కు గది మొత్తం మీద ఒకేసారి ఒక పరీక్ష చేసే తాహతు ఉందనుకుందాం. లోపల ఏది వచ్చిందో అది అడగదు. "ఈ గది మొత్తం ఆ రెండూ కలిసిన ఫలానా స్థితిలో ఉందా?" అని మాత్రం అడుగుతుంది. లోపల నిజంగా ఏదో ఒకటి తేలిపోయి, ఆయనకు తెలియకపోవడమే అయితే, ఆ పరీక్ష సగం సార్లే "అవును" అంటుంది. సమీకరణం గదికీ వర్తిస్తే ప్రతిసారీ "అవును" అంటుంది. సగానికీ నూటికి నూరుకీ మధ్య తేడా ఎవరి అభిప్రాయమో కాదు. లెక్క పెట్టుకునే తేడా.

సరే, ఆ పరీక్ష ప్రతిసారీ "అవును" అందనుకో. అప్పుడు ఆమె నోటు పుస్తకంలో "పైకి" అని రాసుకున్నదేమైనట్టు?

విగ్నర్ అప్పట్లో చెప్పిన జవాబు నాకు నచ్చదు. చైతన్యం ఉన్న మనిషి దగ్గర సమీకరణం ఆగిపోతుందనీ, స్నేహితురాలు చూడగానే విషయం తేలిపోతుందనీ అన్నాడు. తరవాత ఆయనే ఆ వాదం వదిలేసినాడు. కానీ లోకంలో పాతుకుపోయింది ఆ వదిలేసిన వాదమే. "మనం చూస్తేనే చంద్రుడు ఉంటాడు", "మనసుతో విశ్వాన్ని మార్చొచ్చు" అని కోర్సులు అమ్ముకునేవాళ్లంతా దాని మీదే బతుకుతున్నారు. ఇందులో చూసేవాడంటే ధ్యానంలో కూర్చున్న మనిషే కానక్కర్లేదు. ఫలితాన్ని తనలో ఒక గుర్తుగా నిలుపుకోగలిగేది ఏదైనా సరే.

నన్ను ఈ విషయానికి నిజంగా కట్టిపడేసింది డేవిడ్ డాయిచ్ 1985లో చేర్చిన ఒక చిన్న మెలిక. స్నేహితురాలు గదిలోంచి ఒక చీటీ బయటికి పంపుతుంది. దాని మీద "పైకి" అనీ ఉండదు, "కిందకి" అనీ ఉండదు. "నేను ఒక స్పష్టమైన ఫలితం చూసినాను" అని మాత్రం ఉంటుంది. ఏ ఫలితం వచ్చినా చీటీలో అక్షరాలు ఒకటే కాబట్టి, అది బయటికొచ్చినా లోపలి కలయిక చెదరదు. విగ్నర్ ఆ చీటీ జేబులో పెట్టుకొని తన పరీక్ష చేసుకోవచ్చు, నూటికి నూరు "అవును" వస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు మన సాక్ష్య చట్టం గుర్తొచ్చింది. 1872 నాటి చట్టం ఫ్యాక్ట్ అంటే ఏందో చెప్తూ కొన్ని ఉదాహరణలు ఇస్తుంది. ఒక చోట కొన్ని వస్తువులు ఒక వరసలో ఉన్నాయనేది ఒక ఫ్యాక్ట్. ఒక మనిషి ఏదో విన్నాడు, లేదా చూసినాడు అనేది కూడా ఒక ఫ్యాక్ట్. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ నిర్వచనం దాదాపు అట్లే ఉంది. వస్తువులు ఎట్లున్నాయి అనేది ఒకటి, మనిషి చూసినాడు అనేది ఒకటి, చట్టం రెండింటినీ వేరేవేరేగా లెక్కలోకి తీసుకుంటుంది. డాయిచ్ చీటీ రెండో రకం. ఆమె చూసిందనేదాన్ని ఇద్దరూ ఒప్పుకోవచ్చు, చీటీ ఇద్దరి ముందరా ఉంది. ఆమె చూసింది ఏది అన్న దగ్గరే ఇద్దరి లెక్కలూ విడిపోతాయి. కోర్టులో ఇట్లాంటి సాక్షి వస్తే ఎదుటి వకీలు పండగ చేసుకుంటాడు: "చూసినానంటావు, ఏం చూసినావో చెప్పవు!" చెప్పిన మరుక్షణం విగ్నర్ పరీక్ష పాడైపోతుంది మరి.

ఇదంతా ఊహే కదా అని 2018 దాకా ఎక్కువమంది ఫిజిక్స్ వాళ్లు పక్కన పెట్టినారు. ఆ ఏడాది వియన్నాలో చాస్లావ్ బ్రుక్నర్ దీన్ని బెల్ సిద్ధాంతంతో, అంటే దూరంగా ఉన్న రెండు కణాల ఫలితాల పొందికకు హద్దు కట్టే లెక్కతో, ముడేసినాడు. 2020లో ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని ఇంకా బిగించినారు. రెండు గదులు, ఇద్దరు స్నేహితులు, బయట ఇద్దరు విగ్నర్లు. రెండు గదుల్లోని కణాలు ముందే జతపడినవి, అంటే వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి వస్తాయి. బయటున్న ప్రతి ఒక్కరూ ఒక్కోసారి తలుపు తీసి "ఏం చూసినావు?" అని అడుగుతారు, ఒక్కోసారి ఆ కొలతనే వెనక్కి తిప్పేసి, ఏమీ జరగనట్టు చేసి, కణం మీద వేరే కొలత చేస్తారు.

ఇప్పుడు మూడు మాటలు నమ్ముదాం. ఒకటి, ఎవరైనా ఒక ఫలితం చూస్తే అది జరిగినట్టే, అందరికీ జరిగినట్టే. రెండు, ఏ కొలత చేయాలో బయటివాళ్లు స్వేచ్ఛగా ఎంచుకుంటారు, ఆ ఎంపిక కణాలకు ముందే తెలిసి ఉండదు. మూడు, ఈ గది బయట చేసిన ఎంపిక దూరంగా ఉన్న ఆ గదిలోని ఫలితాన్ని తాకదు. ఈ మూడూ సరైతే రెండు పక్కల ఫలితాలూ ఒకదానికొకటి ఎంతవరకు పొందిక చూపొచ్చో ఒక హద్దు ఉంటుంది. స్నేహితులతో సహా అన్నింటికీ క్వాంటం లెక్కే వర్తిస్తే ఆ హద్దు దాటాలి. కాబట్టి దాటితే ఆ మూడింట్లో ఒకటి పోవాలి.

వీడియోకు మూలం 2019లో ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగం అయ్యుండాలి. ఆరు ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, వాడినారు. బ్రుక్నర్ చెప్పిన హద్దు దాటింది, అదీ ఐదు స్టాండర్డ్ డీవియేషన్ల తేడాతో, అంటే ఏదో కాకతాళీయం అనుకోవడానికి వీల్లేనంతగా. గ్రిఫిత్ వాళ్ల ప్రయోగంలోనూ హద్దు దాటింది. కానీ ఆ ప్రయోగాల్లో స్నేహితురాలు ఎవరో అడగాల కదా. హెరియట్-వాట్‌లో ఒక ఫోటాన్. గ్రిఫిత్‌లో ఒక ఫోటాన్ పట్టిన దారి. ఫోటాన్ ఒకటి "చూసింది" అనడానికి నా మనసు ఒప్పదు. పద్ధతి పని చేస్తుందని చూపించినారు, అది గొప్పే. దాన్ని పట్టుకొని వాస్తవమే లేదనడం, సాక్షి బోనెక్కకముందే తీర్పు రాసేయడం. ఆ పేపరు రాసినవాళ్లు కూడా ఫోటాన్‌ను సాక్షిగా ఒప్పుకుంటేనే అన్నట్టు జాగ్రత్తగానే రాసినారు. పసుపు అక్షరాలు పెట్టింది వేరేవాళ్లు.

మాకు డిగ్రీలో ఫిజిక్స్ చెప్పిన సార్ రిటైరై కర్నూలులోనే ఉన్నారు. ఆదివారం ఉగ్గాని, బజ్జీ కట్టుకొని వాళ్లింటికి పోయినాను. ఆయన సగం బజ్జీ చేతిలో పట్టుకొనే మొదలుపెట్టినారు.

"ఏమ్మా, ఆ మూడింట్లో నువ్వు ఏది వదులుకుంటావు?"

"మూడోది సార్. దూరం నుంచి తాకదనేది. దానికి ఇంతకుముందే బెల్ ప్రయోగాల్లో దెబ్బ తగిలింది కదా."

"అంటే బోమ్ పార్టీ."

డేవిడ్ బోమ్ 1952లో చెప్పినదాంట్లో కణానికి ఎప్పుడూ ఒక చోటు ఉంటుంది, ఫలితం ఎప్పుడూ ఒక్కటే, స్నేహితురాలు చూసింది అందరికీ జరిగినట్టే. ఖర్చేమిటంటే ఇక్కడ చేసింది అక్కడ వెంటనే తగులుతుంది. ఆ తగలడాన్ని వాడుకొని కబురు పంపడం మాత్రం కుదరదు. నాకు ఈ ఖర్చు భరించగలిగేదే అనిపిస్తుంది. సార్‌కు అనిపించదు. వెలుతురు కంటే వేగంగా ఏదీ పోదన్న ఐన్‌స్టీన్‌ను అంత తేలిగ్గా వదులుకుంటావా అని కోప్పడినారు.

"అయితే ఎవరెట్ అనుకోండి సార్." హ్యూ ఎవరెట్ 1957లోనే అన్నాడు, రెండు ఫలితాలూ జరుగుతాయి, స్నేహితురాలు కూడా రెండుగా చీలిపోతుంది, ఏ కొమ్మలో ఉంటే అక్కడి ఫలితం ఆమెది. సార్ తల అడ్డంగా ఊపినారు. ఆయనకు నచ్చేది కార్లో రొవెల్లి 1996లో చెప్పినది. కణానికి నిర్ణీతమైన గుణం ఎప్పుడూ ఇంకోదానితో పోల్చే ఉంటుంది, ఒంటరిగా ఉండదు. స్నేహితురాలికి "పైకి" అనేది వాస్తవం. విగ్నర్‌కు అది ఇంకా వాస్తవం కాదు. రెండూ సరైనవే, ఎందుకంటే ఎవరికి అన్నది చెప్పకుండా వాస్తవం అనడానికే ఆయన ఒప్పుకోడు. ఆ "ఎవరికి" అన్న చోట రాయిని పెట్టినా సరిపోతుంది.

"జడ్జి లేని కోర్టమ్మా అది," అన్నారు సార్. "సాక్షులే ఉంటారు. అందరి వాంగ్మూలాలూ ఒక చోట పెట్టి చూసే బెంచి ఉండదు."

నేను ఇంటికొచ్చి దాన్ని చానాసేపు తిరగేసినాను. జడ్జి లేకపోతే పోనీ, సాక్షిని క్రాస్ చేయొచ్చా అనేది నా ప్రశ్న. విగ్నర్ తలుపు తీసి "ఏం చూసినావు?" అంటే ఆమె "పైకి" అంటుంది. ఆమె చెప్పింది, ఆమె అంతకుముందు నిజంగా చూసింది, ఈ రెండూ ఒకటే అని రొవెల్లి మొదటి రూపంలో గ్యారంటీ ఏముంది? విగ్నర్ విన్నది విగ్నర్‌కు వాస్తవం, ఆమె చూసింది ఆమెకు వాస్తవం, రెండింటికీ మధ్య వంతెన లేదు. అదే జరిగితే సైన్సే నడవదు. ఒక ల్యాబులో చూసింది ఇంకో ల్యాబు చదివి ఒప్పుకోవడం మీదే కదా అది నడిచేది. ఈ ఆక్షేపణ నా ఒక్కదానిదే కాదని తరవాత తెలిసింది. 2022లో ఎమిలీ ఆడ్లం, రొవెల్లి కలిసి ఒక కొత్త నియమం చేర్చినారు: ఒకరిలో మిగిలిన గుర్తును ఇంకొకరు సరైన పద్ధతిలో కొలిస్తే, మొదటివాళ్లు చూసిందే దొరుకుతుంది. నాకు ఇది రాజీ పిటిషన్‌లాగే కనిపించింది. వాస్తవం ఎవరిది వాళ్లదే అన్న పెద్దమనిషి, అడిగితే మాత్రం ఒకటే చెప్తారు అని సంతకం పెట్టినాడు. రొవెల్లి గురించి నాకు గౌరవం పెరిగింది గానీ తగ్గలేదు.

ఇంకో పక్క క్రిస్టఫర్ ఫుక్స్, రూడిగర్ షాక్ వాళ్ల క్యూబిజం ఉంది. క్వాంటం స్థితి అనేది బయట ఉండే వస్తువు కాదు, ఒక మనిషి తన ముందున్న అనుభవం మీద ఎంత పందెం కాయాలో చెప్పే లెక్క అంటారు వాళ్లు. విగ్నర్ లెక్క విగ్నర్‌ది, ఆమెది ఆమెది, గొడవే లేదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ మా చట్టంలో "రుజువైంది" అంటే ఏందో చదివినవాళ్లకు అంత విడ్డూరం అనిపించదు. వివేకం ఉన్న మనిషి ఒక విషయం ఉందనుకొని నడుచుకోవడానికి చాలినంతగా అది సంభవమని కోర్టుకు తోస్తే చాలు, రుజువైనట్టే. నిజంగా జరిగిందా అని చట్టం పైలోకం రికార్డు తెప్పించుకోదు. అయితే చట్టం ఇంకో మాట కూడా అంటుంది, చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చెప్పాల. క్యూబిజం వాళ్ల దగ్గర నాకు తగులుకునేది అక్కడే. చూసిన మనిషి చెప్పింది కూడా నాకు నా అనుభవంలో ఒక ముక్కే అంటే, ఇంక ఆమెకు బోను ఎందుకు?

సమీకరణమే పెద్ద వస్తువుల దగ్గర మారిపోతుంది అనేవాళ్లూ ఉన్నారు. 1986లో గిరార్ది, రిమిని, వెబర్ అట్లాంటిది ఒకటి రాసినారు. ఒక్క కణం దానంతటది తేలిపోవడానికి కోట్ల ఏళ్లు పట్టొచ్చు, లెక్కలేనన్ని కణాలున్న మనిషి మాత్రం రెప్పపాటు కూడా ఆగదు. ఇది నిజమైతే విగ్నర్ పరీక్ష సగం సార్లే "అవును" అంటుంది, గొడవ తీరిపోతుంది. ఈ దారిలో నాకు నచ్చేది ఒక్కటే, తప్పయితే పట్టుబడుతుంది. వీళ్లకు దగ్గరి చుట్టం లాంటి ఇంకో మోడల్, డియోషి, పెన్‌రోజ్ పేర్ల మీద ఉండేది, దాని అతి సరళమైన రూపం 2020లో ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింది ల్యాబులో పట్టుబడిపోయింది కూడా.

మావోడు ఫోన్ చేసినప్పుడు ఇదంతా విని, "అయితే మన లారీ కేసు?" అన్నాడు. లారీ కేసుకు ఏమీ కాదు. రోడ్డు మీద లారీ ఎటు వచ్చిందో వెలుతురు, గాలి, దుమ్ము, టైరు గుర్తు, ప్రతిదీ నకలు తీసుకొనిపోయింది. ఆ నకళ్లన్నింటినీ ఏరి వెనక్కి తిప్పితే తప్ప విగ్నర్ లాంటి పరీక్ష కుదరదు. వియన్నా వాళ్లు 1999లో అరవై కార్బన్ పరమాణువుల బంతులతో, 2019లో సుమారు రెండు వేల పరమాణువులుండే మాలిక్యూల్స్‌తో కలయికను నిలిపి చూపించినారు. రెండు వేలు ఎక్కడ, డోన్ రోడ్డు ఎక్కడ. కాబట్టి ఏ వకీలైనా క్వాంటం చెప్పి వాయిదా అడిగితే ఇవ్వనక్కర్లేదు.

"మరి నీ తీర్పు ఏంది?" అన్నాడు వాడు.

నకలు ఎక్కడా మిగలకుండా వెనక్కి తిప్పేయగలిగే దాన్ని వాస్తవం అని ఎందుకు పిలవాల అనేది నా వాదం. ఒక్క కాపీ కూడా లేని డిపోజిషన్‌ను, అంటే రాసుకున్న వాంగ్మూలాన్ని, ఏ పై కోర్టూ చదవదు. వాడు ఒప్పుకోలేదు. "ఆ గదిలో నువ్వే ఉన్నావనుకో అమ్మా. నువ్వు చూసినావు, రాసుకున్నావు. బయట ఎవడో దాన్ని చెరిపేస్తాడు కాబట్టి అది జరగనే లేదంటావా?" దీనికి నా దగ్గర జవాబు సరిగా లేదు. చెరిపేసినాక గుర్తుండదు, నిజమే. చెరిపేయకముందు ఆ క్షణంలో నేను చూసింది చూసినట్టే కదా. అందుకే నేను తిరిగి తిరిగి బోమ్ దగ్గరికే వస్తాను. ఆయన దగ్గర ఆమె చూసింది చూసినట్టే ఉంటుంది, తరవాత ఎవరు చెరిపినా. దూరం నుంచి తాకడమే కదా, పడతాను అంటాను. సార్ ఇంకా ఒప్పుకోలేదు.

2023లో గ్రిఫిత్ వాళ్లలో ఇద్దరు, వైజ్‌మన్, కవల్కాంతి, నాసాలో పనిచేసే ఎలినార్ రీఫెల్‌తో కలిసి ఇంకో పేపరు రాసినారు. ఫోటాన్ సాక్షి కాదనే నా లాంటోళ్ల కోసమే రాసినట్టుంది. స్నేహితురాలి చోట ఒక కృత్రిమ మేధ ప్రోగ్రాం, మనిషి స్థాయిలో ఆలోచించేది, అది పెద్ద క్వాంటం కంప్యూటర్ మీద నడుస్తుంటుంది. దాన్ని వెనక్కి తిప్పడం కనీసం సూత్రం ప్రకారం కుదురుతుంది. అంత కంప్యూటర్ రావడానికి దశాబ్దాలు పట్టొచ్చు. వచ్చి, హద్దు దాటిందనుకో, అప్పుడు ఫోటానే కదా అని తప్పించుకోవడానికి ఉండదు. ఆలోచించేది ఒకటి నిజంగా "పైకి" అని చూసి ఉంటుంది.

మావోడు అయితే అప్పుడు ఆ ప్రోగ్రాంను బోనెక్కించొచ్చు అన్నాడు. మా దగ్గర ఎలక్ట్రానిక్ రికార్డు ఫైల్లోకి ఎక్కాలంటే పాత చట్టంలో 65బి, ఇప్పుడు 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాల. ఆ మిషన్‌ను చూసుకునే మనిషి సంతకం పెట్టాల, కొత్త చట్టంలో నిపుణుడు కూడా పెట్టాల. ఇక్కడ మిషన్‌ను చూసుకునే మనిషి విగ్నర్. లాగ్ మొత్తం చెరిపేసింది కూడా ఆయనే. ఏమని సంతకం పెడతాడు అని మావోణ్ణి అడిగితే, ఇంటర్నల్స్ ఉన్నాయి అని ఫోన్ పెట్టేసినాడు.